తెల్లని మిద్దె

శ్రోతలకు నమస్కారం.

మే నెల, మధ్యాహ్నం రెండు గంటలు. మిద్దె మీద ఆరబెట్టిన వడియాలు తేవాలి. చెప్పుల్లేకుండా నాలుగడుగులు వేయగలమా? వేయలేం. బూడిద రంగు సిమెంటు స్లాబు అప్పటికి 60 డిగ్రీల దాకా కాలి ఉంటుంది. ఆ వేడి అక్కడితో ఆగదు. మెల్లమెల్లగా స్లాబులోకి దిగి, పొద్దుగూకే వేళకు కింద గదికి చేరుతుంది. రాత్రి పది దాటినా పై అంతస్తులో ఫ్యాను వేడిగాలే కొట్టడానికి కారణం అదే. అప్పుడు ఏసీ వేస్తాం. దాని కరెంటు కోసం ఎక్కడో బొగ్గు కాలుతుంది. గదిలోంచి లాగిన వేడిని ఆ ఏసీ వీధిలోకి వదులుతుంది. వీధి వేడెక్కితే పక్కింట్లోనూ ఏసీ మొదలవుతుంది.

నగరాలు కర్బన తటస్థం కావాలన్న మాట ఈ మధ్య తరచూ వింటున్నాం. అంటే వదిలే కర్బనాన్ని వీలైనంత తగ్గించుకోవాలి, మిగిలినదానికి సరిపడా వెనక్కి తీసుకునే ఏర్పాటు చేసుకోవాలి. యూరోపియన్ యూనియన్ 2022 ఏప్రిల్‌లో తన 100 నగరాలనూ, బయటి దేశాల నగరాలు మరో పన్నెండింటినీ ఎంపిక చేసి 2030 గడువు పెట్టింది. అక్కడ పెద్ద ఖర్చు చలికాలంలో ఇల్లు వెచ్చబెట్టుకోవడానికి. మన బాధ ఎండతో. అందుకే మనం మిద్దెకి తెల్లపూత వేయడంతో మొదలుపెట్టాలని నా అభిప్రాయం.

ఈ పని హైదరాబాద్‌లో కొలతలు తీసి చూసిందే. ట్రిపుల్ ఐటీ హైదరాబాద్ పరిశోధకులు అమెరికాలోని లారెన్స్ బర్క్‌లీ ప్రయోగశాలతో కలిసి ఏసీ ఉన్న ఆఫీసు భవనాల మీద పరిశీలించారు. రంగు వేయని సిమెంటు కప్పుకి తెల్లపూత వేస్తే చల్లదనానికయ్యే కరెంటు 10 నుంచి 19 శాతం తగ్గుతుందని లెక్క తేలింది. కర్బనంలో చెప్పాలంటే కప్పు చదరపు మీటరుకి ఏడాదికి 11, 12 కిలోల కార్బన్ డయాక్సైడు తగ్గుతుంది. ఏసీ లేని ఇళ్ల సంగతీ చూశారు. దేవరకొండ బస్తీలో పేదల ఇళ్లు పాతికింటి కప్పుల మీద తెల్లని పొర పరిచారు. లోపలి వేడి సగటున 2 డిగ్రీలు తగ్గింది. రేకుల కింద పసిపిల్లని పడుకోబెట్టే తల్లికి ఆ రెండు డిగ్రీలు చిన్న సంగతి కాదు. 2023 ఏప్రిల్‌లో తెలంగాణ ప్రభుత్వం కూల్ రూఫ్ విధానం తెచ్చింది. 2028 నాటికి రాష్ట్రంలో 300 చదరపు కిలోమీటర్ల కప్పు చల్లబరచాలన్నది లక్ష్యం. 600 చదరపు గజాలు, ఆపైన స్థలంలో కట్టే కొత్త ఇళ్లకు ఇది తప్పనిసరి. చిన్న ఇళ్లవాళ్ల ఇష్టం.

ఆ చిన్న ఇళ్లవాళ్లతోనే ఇప్పుడు మాట్లాడతాను.

ముందుగా రంగు డబ్బా. దాని మీద ఎస్‌ఆర్‌ఐ అన్న అంకె ఉందేమో చూడండి. ఎండని ఎంత తిప్పికొడుతుంది, ఎక్కిన వేడిని ఎంత త్వరగా వదిలేస్తుంది, ఈ రెండూ కలిపి వేసే మార్కు అది. మంచి తెల్లపూతకి వంద చుట్టూ ఉంటుంది, దాటనూ వచ్చు. గోడలకు వేసే మామూలు తెల్లరంగు మిద్దెకి పనికిరాదు. ఎండకి స్లాబు సాగి, రాత్రికి ముడుచుకుంటుంది. దాంతోపాటు సాగలేని రంగు పెచ్చులు పెచ్చులుగా లేస్తుంది.

రెండు పూతలకు లీటరు రంగు ఇరవై నుంచి ముప్ఫై చదరపు అడుగులకు వస్తుంది. అంటే 600 అడుగుల మిద్దెకి ఇరవై నుంచి ముప్ఫై లీటర్లు. మేస్త్రీ ఒక్క పది లీటర్ల డబ్బాతో సరిపెడతానంటే ఒప్పుకోకండి. నీళ్లు ఎక్కువ కలిపితేనే అది సాధ్యం. పలచటి పూత రెండో వానాకాలం చూడదు.

ఇప్పుడు అసలు పని. కడగండి. పాకుడు పట్టినచోట వైరు బ్రష్షుతో గీకి కడగండి. పిట్టగోడ మొదట్లో, తూము చుట్టూ, ట్యాంకు కింద మరీ గట్టిగా కడగండి. పూత లేచిపోవడం ఎప్పుడూ అక్కడే మొదలవుతుంది. బీటలుంటే పగుళ్లు పూడ్చే పేస్టుతో నింపి ఆరనివ్వండి. నీళ్లు నిలిచే గుంట ఉంటే వాలు సరిచేయించాకే రంగు మాట ఎత్తండి. ఆ తరవాత కనీసం రెండు రోజులు మంచి ఎండ తగలాలి. స్లాబులో తడి ఉండగా పూత వేస్తే ఆ తడి ఆవిరై, పైకి వచ్చే దారి లేక బొబ్బలు కడుతుంది.

ముందు ప్రైమరు ఒక చేయి. తరవాత మొదటి పూత అడ్డంగా, రెండోది నిలువుగా. రెండింటికీ మధ్య డబ్బా మీద రాసినన్ని గంటలు ఆగాలి. మండే ఎండలో వేయకండి. కాలుతున్న స్లాబు మీద రంగు పట్టుకోకముందే పైన ఎండిపోతుంది. పొద్దున తొమ్మిదిలోపు ఒక పూత, సాయంత్రం నాలుగు తరవాత ఇంకొకటి. పూర్తిగా ఆరేదాకా మిద్దె మీద నడవకూడదు.

అంత డబ్బు పెట్టలేకపోతే సున్నం ఉంది. కిలో సున్నానికి ఐదు లీటర్ల నీళ్లు. రాత్రంతా నానబెట్టి, పలచటి గుడ్డలో వడకట్టి, కాస్త బంక కలిపి మూడు పూతలు వేయాలి. అప్పటిదాకా నీళ్లు తగలని సున్నం నీళ్లలో పడితే సలసల మరుగుతుంది. కంట్లో పడితే చూపుకే ప్రమాదం. పిల్లల్ని దూరంగా ఉంచండి, కళ్లకు రక్షణ అద్దాలు పెట్టుకోండి. వానలకు సున్నం కరిగిపోతుంది కాబట్టి ఏటా ఫిబ్రవరిలో మళ్లీ వేసుకోవాల్సిందే.

రేకుల ఇల్లయితే ఇంకో మాట. కొత్త జింకు రేకు తళతళలాడుతుంది, ఎండని బాగానే తిప్పికొడుతుంది. కానీ ఎక్కిన వేడిని వదలదు. అందుకే మెరిసే రేకు కూడా కాలుతుంది. దాని మీదా తెల్లపూత కావాలి. తుప్పు గీకి, తుప్పు ఆపే ప్రైమరు వేశాక.

అపార్ట్‌మెంట్లలో ఒక తగువు వస్తుంది. వేడి పై అంతస్తుకి కదా, మేమెందుకు ఇవ్వాలని కింది వాళ్లంటారు. మిద్దె అందరిదీ. సాగే గుణమున్న పూత స్లాబులోకి వాననీరు దిగకుండానూ కాస్తుంది. స్లాబులో ఇనుము తుప్పు పడితే భవనమంతటికీ నష్టం. నిర్వహణ నిధిలోంచి ఖర్చు పెట్టడమే న్యాయం.

రంగు వేశాక చాలామంది మళ్లీ మిద్దె ఎక్కరు. మన ఊళ్లలో దుమ్ము ఎంతో మీకు తెలుసు. ఏడాది తిరిగేసరికి తెలుపు మట్టిరంగుకి తిరుగుతుంది, దాని గుణం కొంత ఆ దుమ్ము కిందే ఉండిపోతుంది. ఫిబ్రవరి ఆఖర్లో ఒక ఉదయం, నాలుగు బకెట్ల నీళ్లు, మెత్తటి చీపురు. వైరు బ్రష్షు ఇప్పుడు వద్దు, పూత గీసుకుపోతుంది. ట్యాంకు వైపు నుంచి మొదలుపెట్టి, తూము దాకా కడుక్కుంటూ రండి.