ఐదో తరగతి పిల్లాడికి చదవడం రాకపోతే? జాంబియా మన దగ్గర నేర్చుకున్న పాఠం

(తెర మీద: ఒక కాగితం, క్లోజప్)

ఈ కాగితం చూడండి. కొన్ని అక్షరాలు, కొన్ని చిన్న పదాలు, నాలుగు వాక్యాల పేరా, ఒక బుల్లి కథ. పేరా ఒకటో తరగతి స్థాయి, కథ రెండో తరగతి స్థాయి. అంతే. 2005 నుంచి, పల్లె పిల్లలకు చదవడం ఎంత వచ్చో చూసే ‘అసర్’ సర్వే వాలంటీర్లు ఇలాంటి కాగితమే పట్టుకుని పల్లెల్లో ఇంటింటికీ వెళ్తున్నారు. పిల్లల్ని ఒక్కొక్కరినే కూర్చోబెట్టి చదివిస్తారు. ఐదో తరగతిలో దాదాపు సగం మందికి ఆ కథ చదవడం రావట్లేదని ఏళ్ల తరబడి తేలుతూనే ఉంది.

టీచర్ మీద కోప్పడకండి. సిలబస్ అయిపోవాలి కదా! గుణింతాల దగ్గరే ఆగిపోయిన పిల్లాడికి ఐదో తరగతి పాఠం వినబడుతుంది, ఎక్కదు.

(తెర మీద: నేల మీద గుండ్రంగా కూర్చున్న పిల్లలు)

ముంబై బస్తీల్లో మొదలైన ‘ప్రథమ్’ సంస్థ దీనికో దారి వెతికింది. ఎవరిది ఏ తరగతి అని చూడరు. అక్షరాలు వచ్చినవాళ్లు ఒక గుంపు, పదాలు వచ్చినవాళ్లు ఇంకో గుంపు. ఆటలు, కథలు, గట్టిగా చదవడం. పట్టు రాగానే పై గుంపులోకి.

ఇది నిజంగా పనిచేస్తుందా? నోబెల్ అందుకున్న ఆర్థికవేత్తలు అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డఫ్లో బృందం ఏళ్లపాటు పరీక్షించి చూసింది. నాకు బాగా నచ్చింది, ఓడిపోయిన చోటు గురించి కూడా వాళ్లు దాచకుండా రాయడం. బిహార్ బళ్లలో టీచర్లకు ట్రైనింగ్, సామగ్రి ఇచ్చి ఊరుకున్నారు. మార్పు రాలేదు. ఎందుకంటే మర్నాడు మళ్లీ పాత సిలబసే! హర్యానాలో మాత్రం బడి వేళల్లోనే ఒక గంట దీనికే కేటాయించారు. బళ్లను పర్యవేక్షించేవాళ్లు ముందు తామే రెండు, మూడు వారాలు పాఠం చెప్పి చూశారు. అక్కడ పిల్లల చదువు మెరుగుపడింది.

(తెర మీద: ఆఫ్రికా మ్యాప్, జాంబియా)

2016లో జాంబియా విద్యాశాఖ ఇదే పద్ధతిని 80 బళ్లలో మొదలుపెట్టింది. పేరు ‘క్యాచప్’, అంటే వెనకబడినవాళ్లు అందుకోవడం. పద్ధతి ప్రథమ్‌ది, పరిశోధన బెనర్జీ, డఫ్లోల సంస్థ జె-పాల్‌ది, క్షేత్రంలో తోడు బెల్జియం సంస్థ వీవీఓబీ, డబ్బులో కొంత అమెరికాది. అయినా హిందీ కాగితాన్ని ఎత్తుకెళ్లి అక్కడ పెడితే కుదురుతుందా? తూర్పున న్యాంజా, దక్షిణాన టోంగా మాట్లాడతారు. పరీక్ష కాగితం పిల్లల భాషలోనే ఉండాలి. చెప్పేది ప్రభుత్వ టీచర్లే. మూడు నుంచి ఐదో తరగతి దాకా పిల్లలకు, టైమ్‌టేబుల్లో విడిగా గంట.

అంతర్జాతీయ భాగస్వామ్యం అంటే మనకు శాలువాలు, గ్రూప్ ఫొటోలే గుర్తొస్తాయి. నేనైతే ముందు ఆ గంట ఎక్కడుందో వెతుకుతాను.

2021లో ఆంధ్రప్రదేశ్‌కు, ప్రభుత్వ బళ్లలో చదువు మెరుగుపరిచే ‘సాల్ట్’ పథకం కింద ప్రపంచబ్యాంకు 25 కోట్ల డాలర్ల అప్పు మంజూరు చేసింది. మీ ఊరి బడి టైమ్‌టేబుల్ ఫొటో ఉంటే కామెంట్లలో పెట్టండి. అందులో ఆ గంట ఉందేమో కలిసి వెతుకుదాం.