ముందు వెలుతురు నిలవాలి

హనుమకొండకు వచ్చిన ల్యాబ్ టెక్నీషియన్ మిత్రులకు నమస్కారం. వేదిక మీది పెద్దలు మన్నించాలి, పేరుపేరునా చెప్పుకుంటూ పోతే నాకిచ్చిన టైమ్ దానికే సరిపోతుంది.

కలరీమీటర్ల నిర్వహణ గురించి మాట్లాడమన్నారు. అవే, బల్బు వెలుతురును శాంపిల్ ఎంత పీల్చుకుందో కొలిచే మెషిన్లు. పరకాల దిక్కున ఒక ల్యాబ్ సంగతి చెప్తాను. "రీడింగులు నిలుస్తలేవు సార్" అని ఫోన్. అప్పటికే బల్బు మీద బల్బు మార్చేశారు. వెళ్లి కూర్చున్నాను. పక్కన నీళ్ల మోటార్ నడిచినప్పుడల్లా అంకె మారుతోంది. పాత పవర్ సప్లై పోతే ఎవరో చవక అడాప్టర్ తగిలించారు. మీటర్ పెట్టి చూస్తే 12 వోల్టులు 11.88కి పడుతున్నాయి.

ఒక్క శాతమే కదా అంటారు. హాలోజన్ బల్బుకు వోల్టేజీ ఒక శాతం తగ్గితే వెలుతురు సుమారు 3.4 శాతం తగ్గుతుంది. బ్లాంక్, అంటే శాంపిల్ కలపని ద్రవం, పెట్టి సున్నా చేశాక ఇలా జరిగితే అబ్జార్బెన్స్, అంటే వెలుతురు ఎంత పీల్చుకుందో చెప్పే అంకె, 0.015 ఎక్కువ చూపిస్తుంది. శాంపిల్ అసలు విలువ 0.150 అయితే పది శాతం తప్పు! ఆటో ఎక్కి షుగర్ పరీక్షకు వచ్చిన ముసలమ్మ ఆ తప్పు కాగితం పట్టుకుని డాక్టర్ దగ్గరికి పోతుంది. నా బాధంతా అదే.

వోల్టేజీని నిలకడగా ఉంచే మంచి రెగ్యులేటర్ పెడితే సగం పని అయినట్టే. కానీ ఫిలమెంట్ రోజురోజుకూ సన్నబడి, రెసిస్టెన్స్ పెరుగుతుంది. కరెంటును స్థిరంగా ఉంచితే వేడి ఎక్కువై బల్బు తొందరగా పోతుంది, వోల్టేజీని స్థిరంగా ఉంచితే మెల్లగా మసకబారుతుంది. సాకెట్ పిన్నులు నల్లబడితే అక్కడా కొంత వోల్టేజీ పోతుంది. కాబట్టి కాపు కాయాల్సింది వెలుతురునే. కిరణంలో కొంత భాగాన్ని ఫోటోడయోడ్ (వెలుతురును కరెంటు సిగ్నల్‌గా మార్చేది) మీదికి మళ్లించి, దాని సిగ్నల్ మారకుండా కరెంటును సర్దాలి. ఆ డయోడ్ బల్బు వేడికి దూరంగా ఉండాలి, దాని ముందు కూడా కొలతకు వాడే ఫిల్టరే, అంటే కావాల్సిన రంగు వెలుతురునే వదిలే అద్దమే, ఉండాలి. ఫిలమెంట్ వేడి తగ్గితే ఎరుపు కంటే 340 నానోమీటర్ల దగ్గర, అంటే కంటికి కనపడని అతినీలలోహితంలో, వెలుతురు చాలా ఎక్కువగా పడిపోతుంది మరి.

బల్బు ఎక్కువ రోజులు రావాలని వోల్టేజీ బాగా తగ్గించేవాళ్లున్నారు. దయచేసి ఆ పని చేయకండి. బల్బు గోడ సుమారు 250 డిగ్రీల వేడిలో లేకపోతే హాలోజన్ చక్రం, అంటే ఫిలమెంట్ నుంచి ఆవిరైన లోహాన్ని తిరిగి ఫిలమెంట్ మీదికే చేర్చే పని, సరిగా నడవదు, లోపల నల్లబడుతుంది.

పొద్దున స్విచ్ వేసి, వెలుతురు నిలకడకు వచ్చేదాకా అరగంట ఆగేవాళ్లు చేతులెత్తండి. ఇంతేనా! వార్డు నుంచి ఫోన్లు మోగుతుంటాయి, ఆ టెన్షన్ నాకు తెలుసు. అయినా ఆగండి.

కొనుగోలు కమిటీ సభ్యులూ ఇక్కడ ఉన్నారు. అయ్యా, మెషిన్ కొనేముందు గంటసేపు బ్లాంక్ పెట్టి, అంకె ఎంత కదులుతుందో చూపించమనండి. ఆ గంటలో పక్కన మోటార్ కూడా వేయించండి. చూపించలేకపోతే సంతకం పెట్టకండి.