బామ్మ గురించి మాట్లాడే ఐదు నిమిషాలు

అందరికీ నమస్కారం.

ఇల్లు నడిపిన బామ్మ కన్నుమూశాక సంస్మరణ సభలో నాలుగు మాటలు చెప్పమంటే మనవలూ మనవరాళ్లూ తడబడతారు. ఉద్యోగం చేసినవాళ్లకి చేరిన తేదీ, పదోన్నతి, పదవీ విరమణ ఉంటాయి. ఆమె చాకిరీకి కాగితం ముక్కయినా ఉండదు. అందుకే మన మాటలు ‘ప్రేమమూర్తి, త్యాగమయి, సహనశీలి’ దగ్గరే ఆగిపోతాయి. అవి అబద్ధాలు కావు. కానీ ఏ బామ్మకైనా సరిపోతాయి, అదీ ఇబ్బంది.

ఆమె పనిని పట్టుకోండి. ఒక మామూలు రోజు, నిద్ర లేచింది మొదలు తలుపు గడియ పెట్టేదాకా ఏ వేళకి ఏం చేసేదో రాయండి. మీకు తెలియనివి కనీసం ముగ్గురిని అడగండి: ఆమె పిల్లల్లో ఒకరు, తోబుట్టువో తోటికోడలో ఒకరు, పొరుగావిడ. విడివిడిగానే అడగాలి. కలిపి కూర్చోబెడితే గట్టిగా మాట్లాడేవాళ్ల జ్ఞాపకమే అందరిదీ అయిపోతుంది. ‘ఎలాంటి మనిషి?’ అంటే మళ్లీ ఆ మూడు మాటలే వస్తాయి. ‘డబ్బు ఎక్కడ దాచేది? కోపం వస్తే ఏం చేసేది? ఏ పనిలో ఇంకొకరిని చెయ్యి పెట్టనిచ్చేది కాదు? ఏం చదవాలనుకుని మానేసింది?’ అని అడగండి. చివరి ప్రశ్నకి జవాబు ఒక్కోసారి ఆమె పిల్లలకే తెలియదు. జవాబు ఆగగానే ఇంకో ప్రశ్న వేయకండి, కాసేపు ఊరుకోండి. అసలు సంగతి చాలాసార్లు ఆ తర్వాతే వస్తుంది. వాళ్లు సరేనంటేనే ఫోన్‌లో రికార్డు చేయండి. మధ్యలో కాల్ వస్తే ఆగిపోవచ్చు కాబట్టి ఎయిర్‌ప్లేన్ మోడ్‌లో పెట్టండి.

ఈ పనిలో పాత ఫొటోలు బయటికి తీస్తే, వాటి వెనక వివరాలు బాల్‌పెన్నుతో రాయకండి. ఒత్తిడికి ముందువైపు గీత పడుతుంది, సిరా పక్క ఫొటోకి అంటుకుంటుంది. మెత్తటి పెన్సిల్‌తో అంచున రాస్తే చాలు. ఆల్బమ్ జిగురుకి అతుక్కుపోయినదాన్ని లాగితే చిరుగుతుంది, పేజీతో సహా 600 డీపీఐలో (అంగుళానికి 600 చుక్కల స్పష్టతతో) స్కాన్ చేయండి.

ఇక రాసుకోవడం. నిదానంగా చదివితే నిమిషానికి సుమారు 90 తెలుగు మాటలు పడతాయి, ఐదు నిమిషాలకి 450 మించకూడదు. ఆఖరి జబ్బుకి రెండు వాక్యాలు చాలు. ఎక్కువమంది పొరబడేది ఇక్కడే: ఆసుపత్రి రోజులు సగం ప్రసంగాన్ని తినేస్తే, ఎనభై ఏళ్లు బతికిన మనిషి రోగిగానే మిగిలిపోతుంది. మనవల పేర్లు చదివితే అందరివీ చదవండి, లేదా ఎవరివీ వద్దు. ఒక్క పేరు తప్పినా ఆ బాధ ఏళ్ల తరబడి ఉంటుంది.

కాగితానికి ఒకవైపే, 18 పాయింట్ల అక్షరాలతో, పేజీ నంబర్లు వేసి అచ్చు తీయండి. ఇంట్లో పైకి చదువుతుంటే గొంతు ఎక్కడ పూడుకుపోతుందో తెలుస్తుంది, అక్కడ వాక్యాన్ని రెండుగా విరవండి. రెండో ప్రతి ముందు వరసలో ఒకరికి ఇవ్వండి, మీరు ఆగిపోతే వాళ్లు అందుకుంటారు. సభ అయ్యాక ఎవరో ఒకరు వచ్చి ‘ఒక సంగతి చెప్పలేదు నువ్వు’ అంటారు. ఆ కాగితం వెనకే, చెప్పినవాళ్ల పేరుతో సహా, అప్పటికప్పుడే రాసుకోండి.