మలై కాజా బ్లాకు, చీమకుర్తి రాయి బ్లాకు

[తెర మీద: స్టీలు ప్లేటులో నెల్లూరు మలై కాజా, పక్కనే నల్ల గ్రానైటు ముక్క]

గుండె వీడియో అని చెప్పి స్వీటు చూపిస్తున్నాడేంది అనుకుంటున్నారా? కాస్త ఆగండి.

మన నెల్లూరులో ఎవరికైనా గుండెపోటు వచ్చిందనగానే "ఎన్ని బ్లాకులంట? ఎంత పర్సెంటంట?" అని అడుగుతాం. బ్లాకంటే గుండె రక్తనాళంలో పూడిక. ఆ బ్లాకు లోపల ఏముందో మాత్రం ఎవరూ అడగరు. అసలు సంగతంతా అక్కడే ఉంది.

[కాజాను వేలితో నొక్కుతూ]

చూశారా? పైన పల్చటి పొర, లోపలంతా మెత్తటి మలై. కాస్త నొక్కగానే బయటికొచ్చేసింది. చిన్న వయసులో గుండెపోటు వచ్చినవాళ్లలో ఎక్కువగా కనబడేది ఇలాంటి పూడికే. లోపల కొవ్వు, పైన సన్నటి కప్పు. డాక్టర్లు భయపడే రకంలో ఆ కప్పు మందం 65 మైక్రాన్లు కూడా ఉండదు. అంటే ఇంచుమించు తల వెంట్రుకంత! అది చిట్లి కొవ్వు రక్తానికి తగిలిందంటే, గాయమైనప్పుడు కట్టినట్టే అక్కడ రక్తం గడ్డ కడుతుంది. నిన్నటిదాకా 40 శాతమే పూడిన నాళం నిమిషాల్లో మూసుకుపోతుంది. సిగరెట్ తాగేవాళ్లలో, కొందరు ఆడవాళ్లలో చిట్లకుండానే, పైపొర గీరుకుపోయినా గడ్డ పడుతుంది.

"పోయిన నెలే ట్రెడ్‌మిల్ టెస్టు చేయించాం, నార్మలే కదా సార్" అని ఇంట్లోవాళ్లు ఏడుస్తారు. టెస్టు తప్పు కాదు. దారి బాగా ఇరుకైతేనే అది పట్టుకుంటుంది. 40 శాతం పూడికతో ఆ మనిషి మైపాడు బీచ్‌లో పరుగెత్తినా ఆయాసం రాకపోవచ్చు.

[గ్రానైటు ముక్కను వేలితో టకటకా కొడుతూ]

ఇది చీమకుర్తి రాయి. అరవై, డెబ్బై ఏళ్లవాళ్ల పూడిక ఎక్కువగా ఈ రకం. నీళ్లు కాచే గిన్నెకు సున్నం పట్టినట్టు ఏళ్ల తరబడి కాల్షియం పేరుకుని గట్టిపడుతుంది. తరచూ రెండు మూడు నాళాల్లో ఉంటుంది. నిదానంగా పెరుగుతుంది కాబట్టి గుండె పక్కదారులు వెతుక్కుంటుంది, ట్రంక్ రోడ్డు జామైతే మనం సందుల్లో దూరినట్టు. నడిస్తే ఛాతీ పట్టేస్తుంది, ఆగితే తగ్గుతుంది. అదొక హెచ్చరిక. చాలామంది కుర్రాళ్లకు ఆ హెచ్చరికా ఉండదు, పక్కదారులూ ఉండవు.

అలాగని పెద్దవాళ్లలో మెత్తటి పూడిక ఉండదని కాదు, రెండూ కలిసే ఉంటాయి.

రాయి రకంతో తిప్పలు స్టెంట్ (నాళాన్ని తెరిచి ఉంచే బుల్లి జాలీ గొట్టం) వేసేటప్పుడు. బెలూన్ ఊదినా నాళం విచ్చుకోదు. అప్పుడు వజ్రపు పొడి అద్దిన బుల్లి డ్రిల్లు మొనను (బర్) నిమిషానికి లక్షన్నర చుట్లు తిప్పి అరగదీస్తారు. చీమకుర్తి క్వారీల్లో రాయి కోసేదీ వజ్రాల తీగతోనే!

ఇంకో తిరకాసు. గుండె నాళాల్లో కాల్షియం ఎంతుందో స్కాన్‌లో కొలిచే కాల్షియం స్కోరు సున్నా వచ్చిందని కుర్రాళ్లు సంబరపడతారు. ఆ స్కాన్ రాయినే లెక్కపెడుతుంది, మలై దానికి కనబడదు. సిగరెట్, షుగర్, ఇంట్లో చిన్న వయసు గుండెపోట్లు ఉన్నవాళ్లు ఆ సున్నాను నమ్ముకోకూడదు. ఛాతీ బరువెక్కి చెమటలు పడితే గ్యాసని సోడా తాగి పడుకోకుండా 108కి ఫోన్ చేయండి.

కొలెస్ట్రాల్ తగ్గించే స్టాటిన్ మాత్రలు వాడేవాళ్లకు ఒక మాట. కొన్నేళ్ల తర్వాత కాల్షియం స్కోరు పెరిగితే "మాత్రలు పని చేయలేదు" అని ఆపేయకండి. ఆ మాత్ర చేసే పనుల్లో ఒకటి, చిట్లే కాజాను చిట్లని రాయిగా మార్చడమే.