మోకాలు నొప్పి అన్న పాపకి తుంటి ఎందుకు చూడాలి?

నమస్కారమండీ. నేను బెంగళూరులో ఫిజియోథెరపిస్టుని. మారతహళ్ళి దగ్గర పనిచేస్తాను, అందుకే నా దగ్గరికి మన తెలుగువాళ్ళు ఎక్కువగా వస్తుంటారు. ఈ రోజు చెప్పబోయే జబ్బు చాలా అరుదు. అయినా వీడియో చేస్తున్నానంటే 12 ఏళ్ళ ఒక పాప కోసం. పేరు చెప్పను. మిగతాది చెప్పమని వాళ్ళమ్మే అడిగింది.

పండక్కి కుట్టించిన లంగా ఒక పక్క కిందికి దిగి కనిపించింది. టైలరు తప్పు కుట్టాడని వెనక్కిచ్చారు. రెండోసారీ అంతే. నిజానికి పాప నడుమే ఆ పక్కకి వాలిపోయి ఉంది.

అప్పటికే నాలుగు నెలలుగా మోకాలు నొప్పి అంటోంది. మోకాలికి ఎక్స్‌రే తీస్తే ఏమీ లేదు. "పెద్దమనిషి అయ్యే వయసు కదా, ఎముకలు సాగుతున్నాయిలే" అంది నాయనమ్మ. కొంచెం కుంటుతోంటే డాన్స్ క్లాసు ఎగ్గొట్టడానికేమో అనుకున్నారు. బాసింపట్టు వేసుకుని కూర్చోలేక మంచం మీద కూర్చుని అన్నం తినడం మొదలుపెట్టింది. ఆ ఒక్క విషయం వాళ్ళమ్మ చెప్పగానే నాకు గుండె ఝల్లుమంది. పాపని పడుకోబెట్టి కాలుని లోపలికి తిప్పి చూశాను. తుంటి దగ్గర కదలికే లేదు. తుంటికీ మోకాలికీ కొన్ని నరాలు ఒకటే, అందుకే తుంటిలో జబ్బు ఉంటే పిల్లలు మోకాలు పట్టుకుని ఏడుస్తారు.

వెంటనే పిల్లల ఎముకల డాక్టరు దగ్గరికి పంపాను. పరీక్షలన్నీ అయ్యాక తేలింది, ఇడియోపతిక్ కొండ్రోలైసిస్. అంటే, కారణం తెలియకుండా తుంటి కీలులోని గుజ్జు కరిగిపోవడం. పెద్దవాళ్ళకి మోకాలి గుజ్జు అరిగింది అంటాం చూడండి, అదే గుజ్జు, కానీ ఇక్కడ నెలల్లోనే పోతుంది. ఎక్స్‌రేలో తుంటి బంతికీ (తొడ ఎముక పై కొస) అది కూర్చునే గిన్నెకీ మధ్య మామూలుగా 3 నుంచి 5 మిల్లీమీటర్ల ఖాళీ ఉంటుంది. ఈ జబ్బులో అది 3 కంటే తగ్గిపోతుంది.

తుంటి బంతి జారిపోయిన పిల్లల్లో గుజ్జు ఇలా చచ్చిపోవడం గురించి స్వీడన్ డాక్టరు వాల్డెన్‌స్ట్రోమ్ 1930లోనే రాశారు. ఏ కారణమూ లేకుండా వచ్చే రకం గురించి 1971లో దక్షిణాఫ్రికా నుంచి జోన్స్ రాశారు. ఎక్కువగా యుక్తవయసుకి వస్తున్న ఆడపిల్లల్లో, సాధారణంగా ఒక పక్కనే వస్తుంది. "పెద్దమనిషి అయ్యే వయసు కదా" అని మనం కొట్టిపారేసే వయసు సరిగ్గా అదే. నాకు బాధంతా అక్కడే.

మన దేశంలో ఇంకో చిక్కు ఉంది. తుంటికి టీబీ వచ్చినా ఇలాగే కుంటుతారు, ఎక్స్‌రేలో ఖాళీ ఇలాగే తగ్గుతుంది. కొండ్రోలైసిస్‌లో ఈఎస్ఆర్ లాంటి, ఒంట్లో వాపు ఉందో లేదో చూసే రక్త పరీక్షలు చాలావరకు మామూలుగానే వస్తాయి. డాక్టరు ఎమ్మారై అడిగినా, కీలులోంచి చిన్న ముక్క తీసి పరీక్షకి పంపాలన్నా భయపడకండి, టీబీయో కాదో తేల్చుకోవడానికే అది. ఒకవేళ జ్వరంతో పాటు హఠాత్తుగా తుంటి నొప్పి వచ్చి బిడ్డ కాలు కింద పెట్టలేకపోతే మాత్రం కీలులో చీము పట్టి ఉండొచ్చు. ఆ రోజే ఆసుపత్రికి వెళ్ళాలి, తెల్లారేదాకా ఆగకూడదు.

ఇక వైద్యం. వాపూ నొప్పీ తగ్గే మందులు, కొన్నాళ్ళు ట్రాక్షన్ (కాలుని బరువుతో మెల్లగా లాగి ఉంచడం), చంక కర్రలు, వ్యాయామం. బిగుసుకుపోతే కొందరికి కండరాలనీ కీలు చుట్టూ ఉన్న పొరనీ వదులుచేసే ఆపరేషన్ చేస్తారు. వ్యాయామం దగ్గరే తల్లిదండ్రులు నాతో గొడవపడతారు. "నొప్పితో ఉన్న పిల్లని ఎందుకు కదిలిస్తారమ్మా, పడుకోనివ్వండి" అంటారు. ఆ ప్రేమ నాకు అర్థమవుతుంది. కానీ గుజ్జుకి రక్తనాళాలు ఉండవండీ. కీలు కదిలినప్పుడు లోపలి జిగురు నీళ్ళు గుజ్జులోకి వెళ్ళి వస్తుంటాయి, దాని తిండి అదే. కాలు మీద బరువు పడకూడదు, కానీ కదలిక ఆగకూడదు. మంచం మీద మోకాలు ముడుచుకుని ఒత్తిగిలి పడుకుంటే తుంటి ఆ వంకరలోనే గట్టిపడుతుంది. అందుకే రోజూ కాసేపు బోర్లా పడుకోబెట్టమంటాం. ఎలా, ఎంతసేపు అన్నది మీ బిడ్డని చూసిన డాక్టరే చెప్పాలి. ఈ వీడియో చూసి మీరు మొదలుపెట్టకండి.

అందరికీ పూర్తిగా నయమవుతుందని నేను చెప్పలేను. కొందరికి ఖాళీ మళ్ళీ కొంత పెరుగుతుంది, నడక బాగవుతుంది. కొందరికి కీలు బిగుసుకుపోతుంది, పెద్దయ్యాక కీలు మార్పిడి దాకా వెళ్ళొచ్చు. నెలలు కాదు, ఏళ్ళు పట్టే దారి ఇది.

మా పాప విషయానికొస్తే, రెండేళ్ళయింది. చంక కర్రలు పక్కన పెట్టి ఎనిమిది నెలలు. ఇంకా బాసింపట్టు రాదు. మొన్న చాప మీద ఆ కాలు చాపుకుని, ఇంకో కాలు మడుచుకుని, వాళ్ళ నాయనమ్మ పక్కన కూర్చుని అన్నం తింటున్న ఫోటో పంపించింది వాళ్ళమ్మ.