పూరీకి కొన్న రెండో టికెట్టు

అధ్యక్షులవారికి, వేదిక మీది పెద్దలకు, బరంపురం తెలుగువాళ్ళందరికీ నమస్కారం. పేరుపేరునా చెప్పాలిగానీ నాకిచ్చింది పది నిమిషాలు.

ఈరోజు నవంబరు 15. నాస్తికోద్యమం నడిపిన గోరాగారు 1902లో ఇదే రోజున, మన పక్కనే, ఛత్రపురంలో పుట్టారు. అప్పటికి ఒడిశా రాష్ట్రమే లేదు, మనమంతా మద్రాసువాళ్ళం. ఉప్పు సత్యాగ్రహం ఏడాది పుట్టిన కొడుక్కి లవణం అని, ప్రపంచ యుద్ధమప్పుడు పుట్టినవాడికి సమరం అని పేర్లు పెట్టుకున్నారాయన. ఆయన భార్య సరస్వతిగారు కడుపుతో ఉండి గ్రహణం చూశారు. ఇవన్నీ మీకు తెలిసినవే. దేవుడు లేని ఇంట్లో పిల్లల పెంపకం గురించి మాట్లాడమన్నారని ఆరు పాయింట్లు రాసుకొచ్చాను. గ్రహణం మాట రాగానే ఆ కాగితం పక్కన పెట్టేయాలనిపిస్తోంది.

1980 ఫిబ్రవరి 16, శనివారం. సంపూర్ణ సూర్యగ్రహణం. నాకు తొమ్మిదేళ్ళు. నాన్న నాస్తికుడు, మామ్మకు పొద్దస్తమానం పూజలు. ఇద్దరిదీ ఒకే వంటిల్లు. పూరీ వెళ్ళి చూద్దామని నాన్న రెండు టికెట్లు కొన్నాడు. మామ్మ నీళ్ళబిందెలో, ఊరగాయ జాడీలో దర్భలు వేస్తూ "ఆడపిల్ల, కళ్ళు పోతే ఎవడు చేసుకుంటాడురా?" అంది. కళ్ళ విషయంలో ఆవిడ భయం పూర్తిగా ఉత్తిదేం కాదు. వట్టి కళ్ళతో చూడకూడదని నాన్న కూడా చెప్పాడు. అట్టముక్కకు సూదితో బెజ్జం పెట్టి, వెలుగు కాగితం మీద పడేలా ఎలా పట్టుకోవాలో చూపించాడు. చంద్రుడు ఎలా అడ్డొస్తాడో నిమ్మకాయతో చెప్పాడు. చివరికి "ఇక నీ ఇష్టం" అన్నాడు.

నేను రానన్నాను. భయమేసింది.

తిట్టలేదు. పిరికిదానివనలేదు. ఒక్కడే రైలెక్కాడు. మధ్యాహ్నం తలుపులేసిన గదిలో మామ్మ పక్కన కూర్చుని, వీధి మసకబారడం కిటికీ సందులోంచి చూశాను. మర్నాడు నాన్న వచ్చి, పట్టపగలు చుక్క పొడిచిందని చెబుతుంటే ఏడ్చాను. "నన్ను లాక్కుపోవాల్సింది నాన్నా" అన్నాను. "మళ్ళీ వస్తుందిలే" అన్నాడు. ఆ టికెట్టు చాలాకాలం నా పలకపెట్టెలో ఉండేది.

నరకం భయం లేకపోతే పిల్లలకు మంచీచెడూ ఎలా తెలుస్తుందని అడుగుతుంటారు. మా అబ్బాయి ఒకసారి బళ్ళో ఎవరిదో పెన్ను తెచ్చాడు. "పాపం, ఆ పిల్లాడు ఇవాళ దేంతో రాసుంటాడు?" అన్నాను. మర్నాడు ఇచ్చొచ్చాడు. ఈ సంగతి ఇంతే, దీనికి ప్రసంగం అక్కర్లేదు. నన్ను ఇన్నేళ్ళుగా కుదురుగా ఉండనివ్వనిది వేరే ఉంది.

వాడికి ఎనిమిదేళ్ళప్పుడు మన ఊరి అమ్మవారి జాతర, ఠాకూరాణి యాత్రలో పులి వేషం కడతానన్నాడు. మొక్కు లేదు, పాడు లేదు. ఒంటికి పసుపు రంగు, నల్ల చారలు, డప్పులకు ఎగరడం, అంతే వాడికి కావలసింది. నేను వద్దన్నాను. మనింట్లో అలాంటివి లేవన్నాను.

"ఎందుకు లేవు?"

"లేవంతే."

అక్కయ్యలూ, అన్నయ్యలూ, ఆ 'అంతే' ఎవరిది? వాడే చెప్పాడు: "మీ మామ్మ కూడా ఇలాగే అనేదన్నావు కదమ్మా."

1976లో రాజ్యాంగంలో పౌరుల విధుల్లో ప్రశ్నించే తత్వాన్ని కూడా రాసుకున్నాం. దాన్ని పిల్లలు ముందు మన మీదే వాడతారని నాకు తట్టలేదు. యాత్ర రెండేళ్ళకోసారి కదా, మళ్ళీ వచ్చేసరికి వాడికి సిగ్గొచ్చేసింది. వేషం కట్టనేలేదు.

వెనక వరుసలో నవ్వుతున్నారు. నవ్వండి, మీ ఇళ్ళలోనూ ఉండే ఉంటుంది ఈ 'అంతే'.

వాడిప్పుడు విశాఖలో ఉద్యోగం చేస్తున్నాడు. వచ్చే యాత్రకు కూతుర్ని తీసుకొస్తానన్నాడు. దానికి ఐదేళ్ళు. పులి వేషం సంగతి ఎవరు చెప్పారో మరి, మొన్న ఫోనులో నన్నే అడిగింది, ఆ రంగు ఒంటికి మంట పుట్టిస్తుందా నానమ్మా అని. పుట్టదన్నాను. నేనెప్పుడు పూసుకున్నాను గనక? మీలో చిన్నప్పుడు వేషం కట్టినవాళ్ళు ఎవరైనా ఉంటే, సభ అయ్యాక కాస్త ఆగండి.