మ్యాట్నీకి వెళ్తే కంట్లో ఏం జరుగుతుంది?

[ఆర్టీసీ క్రాస్ రోడ్స్, మిట్టమధ్యాహ్నం. థియేటర్ గేటు దగ్గర యాంకర్, కళ్లు చికిలించి]

మే నెల ఎండ. చేతిలో మ్యాట్నీ టికెట్.

[క్లోజప్: కన్ను]

మనం నల్లగుడ్డు అంటామే, దాన్ని దగ్గర్నుంచి చూడండి. గోధుమరంగులో ఉన్న కండరాల తెర ఐరిస్. మధ్యలో నల్లగా ఉన్న కంటిపాప చుక్క కాదు, రంధ్రం. ఎండకి ఐరిస్ దాన్ని 2 మిల్లీమీటర్లకు బిగించేసింది.

[హాలు లోపల. తెర దాదాపు నలుపు]

సినిమా మొదలైపోయింది. ఎవరి కాలో తొక్కాను. "చూస్కో భయ్యా!" అన్నాడు. చూడ్డానికేగా తిప్పలు! కంటిపాప ఈపాటికే 7 మిల్లీమీటర్ల దాకా విప్పారింది. కానీ దానివల్ల లోపలికొచ్చే వెలుతురు 12 రెట్లే పెరుగుతుంది. బయటి ఎండకీ ఈ చీకటికీ తేడా వేల రెట్లు.

[యానిమేషన్: కంటి వెనక గోడ]

అసలు పని ఇక్కడ, రెటీనా మీద. రంగులు చూసే కోన్ కణాలు సుమారు 60 లక్షలు, మసక వెలుతురులో పనిచేసే రాడ్ కణాలు సుమారు 12 కోట్లు. రాడ్లలో ఉండే రొడాప్సిన్ అనే పదార్థం ఎండకి విరిగిపోతుంది. చీకట్లో మళ్లీ తయారవ్వాలి. పూర్తి చీకట్లో అందుకు అరగంట దాకా పడుతుంది. హాల్లో తెర వెలుగు ఉంది కాబట్టి అంతసేపు ఆగక్కర్లేదు. రొడాప్సిన్ తయారీకి విటమిన్ ఎ కావాలి. అది చాలకపోతే రేచీకటి వస్తుంది. మునగాకు తినమని అమ్మమ్మలు ఊరికే పోరలేదు.

చిన్న చిట్కా: ఖాళీ సీటు కోసం సూటిగా కాకుండా కొంచెం పక్కకి చూడండి. సూటిగా చూస్తే వెలుతురు పడేది రెటీనా నడిమధ్యలో, అక్కడ రాడ్లు ఉండవు.

[సీట్లో]

పక్కసీటు అంకుల్ టికెట్‌ని చెయ్యి చాచి దూరంగా పట్టుకుని చదువుతున్నారు. చత్వారం! దగ్గర వస్తువు చూసేటప్పుడు కంటిలోని లెన్స్ చుట్టూ ఉండే సిలియరీ కండరం బిగుసుకుంటే లెన్స్ ఉబ్బుతుంది. నలభై దాటాక లెన్స్ గట్టిపడి, ఆ పని సరిగ్గా చెయ్యదు.

అయితే కాంతిని వంచే పనిలో దాదాపు మూడింట రెండొంతులు లెన్స్‌ది కాదు, కంటి ముందున్న పారదర్శక పొర కార్నియాది. అరమిల్లీమీటరు మందం, రక్తనాళాలు లేవు, గాల్లోని ఆక్సిజన్‌ని కన్నీటి పొర ద్వారా తీసుకుంటుంది. నేత్రదానం అంటే కన్ను మొత్తం మార్చడమని చాలామంది అనుకుంటారు. బంజారాహిల్స్‌లోని ఎల్వీ ప్రసాద్ ఆసుపత్రిలోనైనా, ఇంకెక్కడైనా, మార్చేది ఈ కార్నియానే.

[ఇంటర్వెల్. లైట్లు వెలిగాయి]

ఎడమ కన్ను మూసి, రెండు బొటనవేళ్లూ పక్కపక్కన పెట్టి చేతులు చాచండి. కుడి కంటితో ఎడమ బొటనవేలినే చూస్తూ, కుడిదాన్ని మెల్లగా కుడివైపు జరపండి. జానెడుకి కాస్త తక్కువ దూరంలో దాని కొస మాయమైందా? దాని బొమ్మ పడింది కంటి నరం మెదడుకి బయల్దేరే చోట. అక్కడ రాడ్లూ లేవు, కోన్లూ లేవు.

బెల్ మోగింది. ఈసారి ఎవరి కాలూ తొక్కను.